క్షణములో సందేశము

పెదవి దాటిన మాట పృథివి దాటునని తెలుగు సామెత. పూర్వమది అతిశయోక్తిగా తోచెడిది. నేడు అక్షరాల నిజమైనది. తెలంగాణములోని ఒక పల్లెలో తల్లి సెల్‌ఫోను చేతబట్టి "తిన్నవా, బిడ్డా?" అని పలికినచో, ఆ పలుకు మరుక్షణముననే సముద్రము దాటి దుబాయిలోనున్న కుమారుని చేరుచున్నది. కుమారుడప్పుడు పనిలో నుండవచ్చును. ఐనను ఆ మాట వృథాపోదు. అది ఫోనులో వేచియుండి, అతనికి విశ్రాంతి దొరికినప్పుడు తల్లి కంఠస్వరముతోనే వినిపించును. ఆ తల్లికి వ్రాయుట రాకున్నను కొరత లేదు. తలచిన వెంటనే పంపవచ్చును; తీరిక కలిగినప్పుడు అందుకొనవచ్చును. ఇట్టి క్షణసందేశములయందు జనులకు గల మక్కువకు ఈ రెండు సౌకర్యములే ముఖ్యకారణములు.

ఈ సౌకర్యము ఒక్కనాట వచ్చినది కాదు. ఉత్తరము గమ్యము చేరుటకు దినములు, విదేశములకైనచో వారములు పట్టెడిది. టెలిగ్రాము త్వరగా చేరెడిది గాని, మాటల లెక్కన రుసుము చెల్లింపవలసి యుండెను. అందుచే పంపువారు ప్రతి మాటను తూచి వ్రాసెడివారు. భారతదేశమున ఆ టెలిగ్రాము సేవ 2013 జులై నెలలో ముగిసినది. 1992 డిసెంబరు 3వ తేదీన ఇంగ్లండులో మొదటి ఎస్సెమ్మెస్ ఒక సెల్‌ఫోనును చేరెను. ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషు అక్షరములు 160 మాత్రమే పట్టును. తెలుగులో వ్రాసినచో 70కి మించవు. పిదప ఇంటర్నెట్టు ద్వారా సందేశములు పంపు సాధనములు వచ్చినవి. 1996లో ఐసీక్యూ, 2009లో వాట్సాప్ వెలువడినవి. ఇప్పుడు మాటకింతయని రుసుము లేదు. వ్రాతయే కాక కంఠస్వరము, ఛాయాచిత్రము కూడ పంపవచ్చును.

వీని ప్రయోజనములు పెక్కు. రైతు తెగులు సోకిన ఆకును ఫొటో తీసి వ్యవసాయాధికారికి పంపి సలహా పొందగలడు. తుపాను వచ్చునప్పుడు తీరగ్రామములవారికి ఒక్క హెచ్చరిక ఒకేసారి చేరగలదు. రోగికి రక్తము కావలసినచో బంధుమిత్రులందరికి వెంటనే తెలియును. వినికిడి లేనివారికి టెలిఫోను ఈయలేని భాగ్యమును ఈ సాధనము ఇచ్చినది. వారు పరుల సహాయము కోరకయే దూరముననున్న ఆత్మీయులతో ముచ్చటింపగలుగుచున్నారు. కావున దీనిని కేవలము కాలక్షేపమని నిందించుట న్యాయము కాదు.

ఐనను, ఇంత మేలు చేయు వేగమే కీడును చేయగలదు. 2018లో పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను వదంతి సెల్‌ఫోనుల ద్వారా అనేక రాష్ట్రములలో వ్యాపించెను. దానిని నమ్మిన గుంపులు దారిన పోవు అమాయకులను కొట్టి చంపినవి. తెలుగునాట కూడ అట్టి దారుణములు జరిగినవి. ఆ వదంతిని ఇతరులకు పంపినవారిలో పలువురు తమవారి పిల్లలను కాపాడుదమనియే పంపియుందురు. నిజమా యని ఒక్క క్షణమాగి ఆలోచింపకుండుటయే వారి దోషము. ఆ దోషమునకు నిరపరాధులు ప్రాణములతో మూల్యము చెల్లించిరి.

ఆ సంవత్సరమే జులైలో వాట్సాప్ సంస్థ, భారతదేశమున వచ్చిన సందేశమును ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండ కట్టడి చేసెను. జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసులు పల్లెలకు పోయి, జానపద గేయములను సైతము ఆశ్రయించి, వదంతులను నమ్మవలదని ప్రజలకు బోధించిరి. ఇవి మెచ్చదగిన యత్నములే. కాని 2016 నుండి వాట్సాప్ సందేశములు, నడుమనున్న సంస్థకైనను చదువ వీలుకాని రహస్యలిపిలో పయనించుచున్నవి. ఇది పౌరుల ఏకాంతమునకు రక్ష. దారిలో తప్పును సరిదిద్దువారు లేరనియు దీని అర్థము. కావున సత్యాసత్య విచారణ పంపువాని చేతిలోనే జరుగవలెను. పూర్వము తపాలా జాప్యము, టెలిగ్రాము రుసుము మనుష్యునకు ఆలోచించు వ్యవధి నిచ్చెడివి. నేడా వ్యవధిని ఎవరికి వారే కల్పించుకొనవలెను. ఊరినంతటిని కలవరపెట్టు వార్త యైనను, తోటి విద్యార్థిని హేళన చేయు ఛాయాచిత్రమైనను, పంపుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుట మేలు: ఇది ఎవరు చెప్పిరి? నిజమేనా? దీనివలన ఎవరికైన కీడు కలుగునా?

రామదూతయైన హనుమంతుడు నూరు యోజనముల సముద్రమును ఒక్క లంఘనమున దాటెను. ఐనను సీతను కనుగొన్న వెంటనే నోరు తెరువలేదు. శింశుపావృక్షముపై దాగి, ఎట్లు పలికినచో ఆమె భయపడకుండునో, రామకార్యము చెడకుండునో చక్కగా ఆలోచించి, పిదప మృదువుగా పలికెను. పయనమున వేగము, పలుకున నిదానము కలిసినందుననే ఆ దూతకార్యము సఫలమైనది. అట్టి వేగము నేడు ప్రతి విద్యార్థి చేతికి సులభముగా అందివచ్చినది. నిదానమును మాత్రము ఏ సంస్థయు అమ్మజాలదు. దానిని విద్యార్థి తానే అలవరచుకొనవలెను.