చక్రములు తీసివేయుటకు ముందు

మన సంఘమునకు చెందిన లాగుడు స్ప్రేయరును గూర్చి సభ్యులలో కొంతకాలముగా ఒక ఆలోచన జరుగుచున్నది. ట్రాక్టరు వెనుక రెండు చక్రములపై బండివలె నడచు ఈ మందుకొట్టు యంత్రమునకు చక్రములను తీసివైచి, నాగలిని తగిలించినట్లు ట్రాక్టరు లిఫ్టు చేతులకే తగిలించిన బాగుండునని పలువురు చెప్పుచున్నారు. కమ్మరి సిద్ధముగా నున్నాడు, ఇనుమును సిద్ధముగా నున్నది, మీరు సరే యనుటయే తరువాయి యని మమ్ము అడుగుచున్నారు. మా అభిప్రాయమును దాచక చెప్పుట మా విధి. ఆలోచన మంచిదే. కాని చక్రములు తీయుటకు ముందు ఒక్క ప్రశ్నకు సమాధానము చెప్పుకొనవలెను. ఇంతవరకు ఆ చక్రములు మోసిన బరువును రేపటినుండి ఎవరు మోయుదురు?

ఈ కోరిక ఏల పుట్టినదో మాకు తెలియును. మన ప్రాంతపు చేలు ఎకరము, రెండెకరముల ముక్కలు. చేనుచివర తిరుగుచోటు తక్కువ. లాగుడు యంత్రము మలుపు తిరుగునపుడు దాని చక్రములు ట్రాక్టరు చక్రముల జాడలో నడువక లోపలివైపునకు కోసికొని పోవును. అందువలన ప్రతి సాలు చివరను నాలుగు మిరపమొక్కలో, పత్తిమొక్కలో నలిగిపోవుచున్నవి. వెనుకకు నడపవలసి వచ్చినచో అది ఎటు తిరుగునో చెప్పలేము. వానపడిన నల్లరేగడిలో ఆ చిన్న చక్రములు ఇరుసుదాక దిగబడును. లిఫ్టునకు తగిలించిన యంత్రమునకు ఈ బాధలు లేవు. చేనుచివర పైకెత్తి, చిన్న స్థలములోనే తిరిగి, మరల దింపుకొనవచ్చును. ఇన్ని లాభములుండగా వద్దనుటకు మేము మూర్ఖులము కాము.

అయినను ఒక సంగతి ఒప్పుకొనవలసియున్నది. రెండేండ్ల క్రిందట వేరొక గ్రామమున ఒక రైతు ఇట్టి మార్పునే చేయించి మాకు చూపెను. చట్రము గట్టిగా నుండెను, అతుకులు చక్కగా నుండెను. మేము చుట్టును తిరిగి చూచి, బాగున్నదని మెచ్చుకొని వచ్చితిమి. మూడవ దినమున తొట్టినిండ మందునీరు పోసికొని కాలువగట్టు ఎక్కుచుండగా ట్రాక్టరు ముందుచక్రములు జానెడెత్తు పైకి లేచెను. నడుపుచున్న పిల్లవాడు చక్రము త్రిప్పినను బండి తిరుగలేదు. అతడు బెదరక క్లచ్చి నొక్కుటచేత ముందుభాగము నేలమీద పడెను. కాని తొట్టిమూత ఊడి మందునీరు అతని వీపుమీద కురిసెను. వెంటనే బట్టలు విప్పించి, సబ్బుతో కడిగి ఆసుపత్రికి తీసికొని పోయిరి. రెండు దినములలో కోలుకొనెను. గట్టు ఇంకొంచెము నిటారుగా నున్నచో ఏమగునో వ్రాయుటకు చేయి రాదు. ఆ దినమున మేము అతుకులను చూచితిమిగాని బరువును తూచలేదు. తప్పు కమ్మరిది కాదు, రైతుది కాదు, మాది.

ఇందులో తెలియని విద్య ఏమియు లేదు. మేము చదివిన మిషను పాఠశాలలో లెక్కలపంతులుగారు పలకమీద కొలబద్దను నిలిపి మీటను గూర్చి చెప్పిన పాఠమే ఇది. మీకు పలక యేల? బండి తోలినవారందరికిని ఇది తెలియును. బస్తాలన్నియు ఇరుసునకు వెనుక వేసినచో కాడి పైకిలేచి పట్టెడలు ఎద్దుల గొంతులకు బిగియును. ట్రాక్టరునకు వెనుక ఇరుసే బండి ఇరుసు, ముందుచక్రములే కాడి. యంత్రము తనచక్రములపై నడచినంతకాలము ఆ బరువును నేల మోసెను. లిఫ్టుచేతులకు వ్రేలాడదీసిన క్షణమునుండి అది బండిలో వెనుకవేసిన బస్తాయే.

"నాగలిని ఇట్లే తగిలించుచున్నాము గదా" యని కొందరనవచ్చును. మూడుచోట్ల తగిలించు ఈ పద్ధతి ఐర్లండు దేశస్థుడగు హారీ ఫెర్గూసన్ కల్పించినది. 1926లో ఆయన దానికి పేటెంటు పొందెను. 1939లో ఫోర్డు ట్రాక్టరుతో అది లోకమంతట వ్యాపించెను. నాగలి రాతికి తగిలినపుడు ట్రాక్టరు ముందుభాగము లేచి తిరగబడు ప్రమాదమును తప్పించుట ఆ పద్ధతి గుణములలో ముఖ్యమైనది. భూమిలో నాగలి నడచునపుడు పైనున్న టాప్ లింకు ట్రాక్టరును ముందుకు నెట్టి, ముందుచక్రములను నేలకు అదిమిపట్టును. గాలిలో వ్రేలాడు నీటితొట్టికి భూమి ఏ సాయమును చేయదు. అపుడు అదే టాప్ లింకు ట్రాక్టరును వెనుకకు లాగును. కనుక నాగలికి సరిపోయినది తొట్టికిని సరిపోవుననుట పొరపాటు.

ఇక లెక్క చూతము. ఒక ట్రాక్టరు బరువు 1900 కిలోలనియు, అందులో ముందుచక్రములపై 740 కిలోలు పడుచున్నదనియు, రెండు ఇరుసుల నడుమ దూరము 1.9 మీటరులనియు అనుకొందము. లీటరు నీరు కిలో బరువుండును. 400 లీటరుల తొట్టి నింపినచో నీరు 400 కిలోలు, తొట్టి, చట్రము, పంపు, నాజిళ్ల గడ కలిసి 200 కిలోలు, మొత్తము 600. ఈ బరువునకు నడిమిచోటు వెనుక ఇరుసునకు 1.5 మీటరుల వెనుక నున్నచో, 600ను 1.5తో హెచ్చించి 1.9తో భాగింపవలెను. సుమారు 474 కిలోలు వచ్చును. ముందుచక్రములనుండి అంత బరువు లేచిపోయినదన్నమాట. మిగిలినది 266 కిలోలు మాత్రమే. ట్రాక్టరు బరువులో అయిదవవంతుకు, అనగా ఇక్కడ 380 కిలోలకు, తగ్గకుండ ముందుచక్రములపై ఉండవలెనని నియమము. అంతకు తగ్గిన బండి మనమాట వినదు. ఇది చదునైన నేలమీది లెక్క. గట్టెక్కునపుడు ఇంకను తగ్గును.

తొట్టిని 30 సెంటీమీటరులు ముందుకు జరిపి ట్రాక్టరునకు దగ్గరగా కట్టినచో లేచిపోవు బరువు 379కి దిగి, ముందు 361 మిగులును. అదియు చాలదు. తొట్టి దగ్గరగానే యుంచి నీటిని 300 లీటరులకు తగ్గించినచో ముందు సుమారు 424 మిగులును. ఇది చాలును. దగ్గరగా కట్టుట, తక్కువ మోయుట, ఈ రెండును కలిసిననే పని కుదురునని దీనివలన తెలియుచున్నది. వీటికితోడు ముందు బంపరునకు ఇనుపదిమ్మెలు తగిలించిన గట్టులమీద ధైర్యముండును. కాని దిమ్మెలున్నవి గదా యని పెద్దతొట్టి కట్టరాదు. ఆ భారమంతయు చివరకు వెనుక టైరులమీదను, లిఫ్టుమీదను పడునది. లిఫ్టు ఎంత ఎత్తగలదని పుస్తకములో నున్నదో అదియు చేతులకొసవద్ద చెప్పిన మాట. బరువు వెనుకకు జరిగినకొలది ఆ శక్తి తగ్గును.

300 లీటరులు చాలునా యని అడుగుదురు. ట్రాక్టరు గంటకు 5 కిలోమీటరుల వేగమున, 6 మీటరుల గడతో నడచినచో నిమిషమునకు 500 చదరపు మీటరులు తడియును, ఎకరమునకు 8 నిమిషములు పట్టును. గడకు 12 నాజిళ్లుండి ఒక్కొక్కటి నిమిషమునకు లీటరున్నర విడిచినచో ఎకరమునకు సుమారు 146 లీటరులు. అనగా 300 లీటరులతో రెండెకరముల చేను ముగియును. మన చేలే రెండెకరములు! అవసరములేని నీటిని గట్లమీద ఊరేగించుటవలన ఎవరికి లాభము? రెండవ డ్రమ్ము చేనివద్ద ఉంచుకొనుట సులభము. ఎకరమునకు 200 లీటరులు కావలసిన పైరైనచో ఒకసారి అదనముగా నింపుకొందము.

లెక్కకంటె కాటా నమ్మదగినది. మార్పు పూర్తియైన పిమ్మట తొట్టినిండ మందులేని నీరు పోసి, యంత్రమును పైకెత్తి, ముందుచక్రములు మాత్రము వేబ్రిడ్జి పలకపై నిలిపి తూపించుడు. ఆ చీటీ చూడక చేనిలోనికి పోవలదు.

చట్రము విషయమున కమ్మరికి కొలతలు చెప్పవలెను. సామాన్యముగా 20 నుండి 45 గుఱ్ఱపుశక్తిగల ట్రాక్టరులకు మొదటి తరగతి తగిలింపు ఉండును. దానికి క్రింది పిన్నులు 22 మిల్లీమీటరుల లావు, పైపిన్ను 19. క్రింది రెండింటి నడుమ సుమారు 68 సెంటీమీటరులు, క్రిందినుండి పైపిన్నునకు ఎత్తు 46. రెండవ తరగతికి పిన్నులు 28, 25. అయినను మీ ట్రాక్టరును కొలిచియే చేయింపవలెను. సన్నపిన్నును పెద్దరంధ్రములో పెట్టి గుడ్డపేలికలు చుట్టుట మేము చూచితిమి. అది ఆత్మహత్యకు దగ్గరిదారి. క్రింది చేతుల గొలుసులను బిగించుడు. లేనిచో గడ ఇటునటు ఊగి ఒకచోట మందు రెండింతలు, ఒకచోట సున్న. నీరు అటునిటు కొట్టుకొనకుండ లోపల అడ్డుపలకలున్న తొట్టినే ఎన్నుకొనుడు. చక్రముల ఇరుసును పారవేయక భద్రపరచుడు. యంత్రము దింపిన పిమ్మట నిలుచుటకు కాళ్లుగా పనికివచ్చును.

పి.టి.ఓ. షాఫ్టును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. లాగుడు యంత్రపు షాఫ్టు పొడవైనది. దానిని అట్లే తగిలించి యంత్రము నెత్తినచో ఒకగొట్టములో నొకటి దూరి అడుగంటి, పంపునో, ట్రాక్టరునో బద్దలుకొట్టును. యంత్రమును మెల్లగా ఎత్తి దించి, షాఫ్టు మిక్కిలి పొట్టియగుచోట కూడ అంగుళము ఖాళీ మిగులునట్లును, మిక్కిలి పొడవగుచోట గొట్టములు మూడవవంతైనను ఒకదానిలో నొకటి యుండునట్లును కోయింపవలెను. కోసినపుడు పైతొడుగును కూడ అంతే కోసి మరల తొడుగవలెను. ఆ తొడుగును "అడ్డము" అని తీసి చెట్టుకు తగిలించినవారిని మేము ఎరుగుదుము. నిమిషమునకు 540 చుట్లనగా క్షణమునకు తొమ్మిది. పంచె అంచో, తుండుగుడ్డ కొసయో, చీరకొంగో చిక్కినయెడల అరచుటకును వ్యవధి యుండదు.

మరియొక జాగ్రత్త. ఏండ్లతరబడి విషపుమందులు పడిన చట్రమును కడుగక మంటతో కోసినచో ఆ పొగ కమ్మరి రొమ్ములోనికి పోవును. సబ్బునీటితో రెండు మూడుసార్లు కడిగి ఎండబెట్టి, తొట్టిని, గొట్టములను విప్పి వేరుచేసి, తరువాతనే వెల్డింగు చేయింపుడు. కడిగిన నీరు కాలువలో, చెరువులో, పశువులు త్రాగుచోట కలియరాదు. కమ్మరి మన కూలివాడు కాడు, మన పొరుగువాడు.

అందరును ఈ మార్పు చేయవలెనని మా మతము కాదు. 600, 1000 లీటరుల తొట్టిగల యంత్రమును చక్రములపైననే ఉంచుడు. పెద్ద చదునైన కమతములు గలవారికి అదియే మేలు. డ్రోనులు వచ్చిన దినములలో ఈ ఇనుపపని యేల యను యువకులకు మా మనవి: అవి కొన్ని పనులకు మేలే, కాని ఉన్న యంత్రమును సరిగా వాడుకొనుటయు ఒక పొదుపే.

కావున మేము సంఘమునకు చేయు సూచన ఇది. ప్రతివాడును తన పెరటిలో తనకు తోచినట్లు మార్పు చేయింపక, సంఘము తన యంత్రమును ఒక్కదానిని అందరి యెదుట మార్పించవలెను. ఇనుపదిమ్మెలకు, షాఫ్టు తొడుగునకు అగు ఖర్చును మొదటనే లెక్కలో వ్రాయవలెను. ఖర్చు తగ్గింపవలసి వచ్చినపుడు మనము మొట్టమొదట కొట్టివేయునవి ఆ రెండే. కాటాచీటీని యంత్రముతోడనే ఉంచవలెను. అద్దెకు తీసికొనువాడు ఆ చీటీలో నున్న ట్రాక్టరుకంటె చిన్న ట్రాక్టరు తెచ్చినచో కార్యదర్శి మొగమాటపడక ఇయ్యననవలెను. మొగమాటము వలన పోయిన ప్రాణమును ఏ వాటాధనముతోను తిరిగి కొనలేము.

సోదరులారా, ఈ సంగతి రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చకు రాగలదు. అప్పుడు మీరు చేతులెత్తుటకు ముందు, కాలువగట్టుమీద ముందుచక్రములు లేచిన ఆ ట్రాక్టరును, దానిమీద కూర్చున్న పిల్లవానిని ఒక్కసారి తలచుకొనుడు. రేపు అక్కడ కూర్చుండువాడు మన యింటివాడే.