పిల్లల కన్నా ముందు మేత

ఇంటి అక్వేరియంలో క్లౌన్‌ఫిష్ జంట గుడ్లు పెట్టగానే గట్టెక్కామనుకుంటారు చాలామంది. అసలు పని అప్పుడే మొదలవుతుంది. గుడ్ల కాపలా ఎక్కువగా మగచేపదే: రెక్కలతో నీళ్లు విసురుతూ, పాడైన గుడ్లను ఏరేస్తూ వారం పది రోజులు అక్కడే తిరుగుతుంది. చీకటి పడ్డాక గుడ్డు చీల్చుకొని వచ్చే పిల్లల నోళ్లు ఎంత చిన్నవంటే, మన కోస్తా రొయ్యల హేచరీలకు బాగా తెలిసిన ఆర్టీమియా అనే చిట్టి ఉప్పునీటి జీవి కూడా తొలి రోజుల్లో వాటికి పెద్ద ముద్దే. వాటికి కంటికి ఆనీ ఆనని రోటిఫర్లనే నీటి జీవులు కావాలి. ఆ రోటిఫర్లకేమో పచ్చటి సూక్ష్మ నాచు కావాలి. అందుకే చేపల జంటను కలిపే ముందే మేత పెంచడం నేర్చుకోవాలి. ఆ వరస తప్పినచోట పిల్లలు రోజుల్లోనే ఆకలితో చచ్చిపోతాయి. దాన్ని చేప సున్నితత్వం మీదికి నెట్టడం అన్యాయం. ఇంత శ్రమ తప్పకుండా పడాల్సిందే. ఎందుకంటే ఫిలిప్పీన్స్, ఇండోనేషియాల్లో అలంకార చేపలను పట్టడానికి సయనైడ్ చల్లడం వల్ల పగడపు దిబ్బలే దెబ్బతిన్నాయి. తొట్టెలో పుట్టిన చేప దొరుకుతున్నప్పుడు సముద్రంలో పట్టినదాన్ని కొనడానికి ఏ సాకూ చెల్లదు. తమిళనాడులోని మండపంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు క్లౌన్‌ఫిష్‌ను హేచరీలో పుట్టించి పెంచే పద్ధతిని ఇప్పటికే రూపొందించారు.