చాందిని మన మాటే!

ఇంటి పైకప్పు కింద, లోపలి దిక్కు కట్టే బట్టను ఏమంటరని పట్నంల సదువుకునే పిల్లలను అడుగుండ్రి. ‘సీలింగ్’ అంటరు. బీచుపల్లి చుట్టుపక్కల కృష్ణ ఒడ్డు పొంటి ఊర్లల్ల పెద్దమనుషులను అడుగుండ్రి. ‘చాందిని’ అంటరు.

అది సోకు కోసం కట్టింది కాదు. మనది మట్టి మిద్దె. దూలాల మీద దంతెలు, దంతెల మీద కట్టెలు, ఆపైన చౌడు మట్టి. ఎండకు సల్లగుంటది గానీ మన్ను రాలుతది. కిందున్న అన్నంల, ఉయ్యాలల పడకుండ నాలుగు మూలలకు గుంజి బట్ట కట్టిండ్రు. ఉన్నోళ్లు బట్టకు బదులు చెక్క పలకలు కొట్టించుకుండ్రు. ఆ పలకల కప్పుకు ‘సరంబీ’ అని పేరు. తెలుగు బైబిలులో హగ్గయి ప్రవక్త గ్రంథం చూస్తే ఈ మాట ఇప్పటికీ కనిపిస్తది.

ఇగ అసలు ముచ్చట. ‘చాందిని’ అనంగనే ‘అది తురకం మాట, తెలుగు కాదు’ అనేటోళ్లున్నరు. మన భాషను తౌరక్యాంధ్రమని ఎక్కిరించిన నోర్లే ఇవి. మరి ఆ మాట పుట్టుక ఏంది? సంస్కృతంల ‘చంద్ర’. ప్రాకృతంల ‘చంద’. హిందీ, ఉర్దూలల్ల ‘చాంద్’. చాందినీ అంటే వెన్నెల. వెన్నెల లెక్క తెల్లగుండే బట్టకు కూడా అదే పేరు. అంటే మన్ను రాలే మిద్దె కింద మనోళ్లు వెన్నెలను కట్టుకుండ్రు! దీన్ల పరాయిది ఎక్కడుంది?

పుస్తకాలల్ల దీనికి వేరే పేర్లున్నయి. అమరకోశం వితానం, ఉల్లోచం అన్నది. తెలుగుల మేలుకట్టు ఉంది. మేలు అంటే పైన, పైన కట్టేది మేలుకట్టు. మంచి మాటలే, ఎవరూ కాదనరు. కానీ మేలుకట్టు అంటే శుద్ధ తెలుగు, చాందిని అంటే సంకరం అని తీర్పు చెప్పే హక్కు ఎవరిచ్చిండ్రు?

సీలింగ్ సంగతి కూడా చూద్దాం. ఇంగ్లీషుల ‘సీల్’ అనే పాత క్రియకు లోపలి దిక్కు పలకలు కొట్టుడు, బట్ట కట్టుడు అనే అర్థం. ఆ పని పేరే చివరికి కప్పుకు పేరైంది. వాళ్లు చేసింది, మనం చేసింది ఒకటే పని. వాళ్ల మాట బడికెక్కింది. మన మాట సిగ్గుపడి మూలకు కూసున్నది. పాలమూరు రైతుకు సీలింగ్ అంటే 1973 నాటి భూపరిమితి చట్టమే యాదికొస్తది.

శ్రీశైలం నీళ్లల్ల మన ఊర్లు మునిగినయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించి కాపాడిండ్రు. మంచి పనే. మరి మునిగిన మిద్దెల మాటలను ఎవరు తరలించిండ్రు? మిగిలిన మిద్దెలు కూడా కూలి స్లాబులొస్తున్నయి. స్లాబుకు మన్ను రాలదు, చాందిని అక్కర లేదు. వస్తువు పోతే మాట కూడా పోతది.

2014ల రాష్ట్రమొచ్చింది. 2016ల గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలైనయి. బోర్డులు మారినయి. మాటల లెక్క ఎవరు రాయాలె? విద్యార్థులు, పంతుళ్లు, ఉద్యోగులు సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక నోటుబుక్కు వెంట తీస్కపోండ్రి. వడ్లాయనను, ఉప్పరాయనను, ఇంట్ల అవ్వను అడిగి దూలం నుంచి గడప దాక ప్రతి పేరూ రాసుకోండ్రి. చెప్పేటోళ్లు ఉన్నప్పుడే రాసుకోవాలె.