యంత్రానికి బొబ్బిలి రోషం ఎందుకు?

గో ఆడే ప్రోగ్రామ్ ఓడిపోతున్నా రిజైన్ చేయకూడదట. చివరి రాయి దాకా పోరాడాలట. సాఫ్ట్‌వేర్ మిత్రుల్లో ఈ వాదన వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు బొబ్బిలిని లాక్కొస్తారు. విజయనగరం జిల్లావాణ్ణి కాబట్టి నాకు ఆ పోలికతోనే పేచీ.

1757 జనవరి 24న బొబ్బిలి కోటలో లొంగనివాళ్ళు ప్రాణాలు ఒడ్డారు. పోగొట్టుకోడానికి ఏదో ఉన్నవాడిదే రోషం. ప్రోగ్రామ్‌కి పోయేదేముంది? కరెంటు బిల్లు కూడా మనదే. పోయేదల్లా ఎదురుగా కూర్చున్న మనిషి టైమూ, ఓపికా. కాబట్టి ఎప్పుడు రిజైన్ చేయాలన్నది ఆ మనిషి వైపునుంచే తేల్చాలి.

2016 మార్చి 13న సియోల్‌లో లీ సెడోల్ 78వ ఎత్తు వేశాక ఆల్ఫాగో ఆట కుప్పకూలింది. తర్వాత అర్థంలేని రాళ్ళు కొన్ని పెట్టి, 180వ ఎత్తు దగ్గర రిజైన్ చేసింది. అది మొండితనమూ కాదు, వీరత్వమూ కాదు. అది వెతికేది గెలుపు అవకాశాన్నే. ఏ దారీ గెలుపుకి పోనప్పుడు, అవతలివాడు పొరపాటు చేస్తేనే పనికొచ్చే ఎత్తు దానికి మెరుగ్గా కనిపిస్తుంది.

మరి శాతం చూసి లేచిపోతే? ఆ ఏడాది నేచర్ పేపర్లో పెట్టిన గీత 10 శాతం. కానీ ఆ అంచనా తనంత బాగా ఆడేవాడిని ఊహించుకుని వేసింది. బలహీనుడికి హ్యాండికాప్ రాళ్ళిచ్చిన ఆటలో మొదటి ఎత్తుకే శాతం పడిపోయి ఉంటుంది. అప్పుడే లేచిపోతే ఇక ఆటేముంది? అర పాయింటు తేడా ఉన్న ఆటలోనూ చివరికొచ్చేసరికి శాతం సున్నాకి చేరుతుంది. ఆ అర పాయింటుని లెక్కపెట్టి గెలిచే ఆనందం మనిషికి దక్కాలి కదా!

అందుకే నేననేది ఇదీ: మనిషి గడియారం అయిపోవడమో, వేలు జారడమో తప్ప గెలిచే దారి లేకపోతే, తేడా కూడా పెద్దదైతే, ప్రోగ్రామ్ రిజైన్ చేయాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళతో మాత్రం చివరిదాకా ఆడాలి. గెలుస్తున్న ఆటని ముగించడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే.

"మనుషులూ సాగదీస్తారుగా" అంటారు. సాగదీస్తారు, కానీ వాళ్ళూ అలసిపోతారు. ఇద్దరూ అలసిపోతేనే అది పోటీ. ఒకడే అలసిపోతే అది వేధింపు.

పులిజూదంలో పులులు కదల్లేకపోతే ఆట అయిపోయినట్టే. మావైపు అరుగుల మీద "ఇంకేటి చూస్తావ్, లెగు" అంటారు. ప్రోగ్రామ్‌కి ఆ మాట చెప్పాల్సింది దాన్ని రాసేవాళ్ళే.