‘కుదరదు’ అన్నది ఎవరు?

మహానంది కోనేటి గట్టు మీద ఈల పట్టుకుని నిలబడే మనిషికి జీతం తక్కువ, అధికారం ఎక్కువ. నీళ్లలోకి ఎవరు దిగాలో, ఎంతసేపు ఉండాలో, సబ్బు తీసినవాణ్ని గద్దించి వదలాలో బయటికి పంపాలో, జనం కిక్కిరిసినప్పుడు వెనక వచ్చేవాళ్లను ఏ మెట్టు దగ్గర ఆపాలో అతనే తేల్చాలి. నల్లమల అడుగు నుంచి ఎండాకాలంలోనూ తగ్గకుండా ఊరే ఆ నీళ్లు సీమలాంటి ఎండు నేలలో అపురూపం. కోనేరు దాటి పారిన నీళ్లతోనే చుట్టుపక్కల అరటి తోటలు పండుతున్నాయి. కార్తీక సోమవారాల్లో, శివరాత్రికి అక్కడికి జనం వచ్చి పడతారు. ఆ రోజుల్లో దేవస్థానం అంటే భక్తుడికి కనిపించేది కార్యనిర్వహణాధికారి (ఈవో) కాదు, ధర్మకర్తల మండలీ కాదు. ఆ ఈల మనిషి, ఆ పక్కన క్యూలైన్ తాడు పట్టుకున్న ఇంకో మనిషి.

అప్పటికప్పుడు మనుషుల మీద తీసుకునే ఈ నిర్ణయాలకు మన దేవాలయ పాలనలో లెక్కాపత్రం లేదు. డబ్బుకు మాత్రం ఉంది. జస్టిస్ చల్లా కొండయ్య కమిషన్ సిఫారసుల మీద వచ్చిన 1987 నాటి దేవాదాయ చట్టం (30వ చట్టం) గుళ్లలో వంశపారంపర్యంగా వచ్చే మిరాశీ హక్కులను రద్దు చేసింది. 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. గుడి ఆదాయం, గుడి మాన్యం ఎవరు తింటున్నారన్నదే ఆనాటి ప్రధానమైన ప్రశ్న. అందుకే ఆడిట్లు, వేలంపాటలు, రిజిస్టర్లు, నలుగురి ఎదుట హుండీ లెక్కింపు వంటి పద్ధతులన్నీ సొమ్ము చుట్టూ పెరిగాయి. ఈరోజు పది రూపాయల లడ్డూకూ రసీదు ఉంటుంది. నాలుగు గంటలు వరసలో నిలబడిన ముసలావిడను వెనక్కి పంపితే, పంపినట్టు ఒక చీటీముక్క కూడా ఎక్కడా మిగలదు.

సొమ్ము విషయంలో ఆ కాగితం ఎంత పనికొస్తుందో శ్రీశైలంలో చూశాం. 2020లో అక్కడి టికెట్ కౌంటర్లలో కోటి రూపాయలకు పైగా దారి మళ్లిన వ్యవహారం బయటపడింది. సాఫ్ట్‌వేర్‌లోని లొసుగులను వాడుకున్నారని పోలీసులు చెప్పారు. ఇరవై మందికి పైగా అరెస్టయ్యారు, వాళ్లలో ఎక్కువమంది కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బంది. పర్యవేక్షించాల్సినవాళ్లు అన్నాళ్లూ ఏం చేశారన్నది వేరే ప్రశ్న. కానీ ఎంత ఆలస్యంగానైనా ఆ తప్పు దొరికిందంటే, అమ్మిన ప్రతి టికెట్టుకూ ఎక్కడో ఒక జాడ మిగిలింది కాబట్టి. క్యూలైన్‌లో జరిగే పక్షపాతానికి అలాంటి జాడే ఉండదు. ఎవరిని ఆపారో, ఎవరిని పక్క గేటులోంచి పంపారో పట్టుకునే ఆడిటర్ ఇంకా పుట్టలేదు.

కాగితం మీదున్న ‘కుదరదు’కూ నోటిమాటగా చెప్పిన ‘కుదరదు’కూ ఎంత తేడా ఉందో కూడా ఈ నంద్యాల జిల్లాలోనే తెలుస్తుంది. 2015 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన 426 నంబరు జీవోతో, దేవాలయ దుకాణాల వేలంలో హిందువులు కానివాళ్లు పాల్గొనే వీలు లేకుండా పోయింది. శ్రీశైలంలో ఏళ్ల తరబడి అంగళ్లు నడుపుకుంటున్నవాళ్లు కోర్టుకు వెళ్లారు. 2019లో హైకోర్టు వాళ్ల పిటిషన్లను కొట్టేసింది. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టులో జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ బోపన్నల ధర్మాసనం ఆ తీర్పునూ జీవోనూ నిలిపివేసి, మతం కారణంగా ఎవరినీ వేలానికి దూరం పెట్టవద్దని ఆదేశించింది. గుడి దగ్గర మద్యం అమ్మవద్దనడం అర్థం చేసుకోదగ్గదే గానీ, పూలూ బొమ్మలూ అమ్మే మనిషి మతం అడగడమేమిటన్నది న్యాయమూర్తులు లేవనెత్తిన ప్రశ్న. ఆ జీవో మంచిదా చెడ్డదా అన్నదాని మీద పాఠకులకు భిన్నాభిప్రాయాలు ఉండొచ్చు. నా ఉద్దేశంలో అది మొదటే రాకూడనిది. అయినా దానికొక నంబరుంది, తేదీ ఉంది, సంతకం ఉంది. అందుకే చిన్న అంగడి పెట్టుకున్న మనిషి దాన్ని పట్టుకుని ఢిల్లీ దాకా వెళ్లగలిగాడు.

అహోబిలంలోనూ జరిగింది ఇదే. మఠం నడిపే ఆలయానికి ప్రభుత్వం ఏ అధికారంతో కార్యనిర్వహణాధికారిని నియమిస్తుందని మఠం పక్షం ప్రశ్నించింది. 2022 అక్టోబరులో హైకోర్టు ఆ నియామకం చెల్లదంది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు జోక్యానికి ఒప్పుకోలేదు. అక్కడ కూడా సవాలు చేయడానికి ఒక ఉత్తర్వు ఉంది.

కోనేటి గట్టు మీద వినిపించే మాటకు అప్పీలు లేదు. ‘ఎవరు చెప్పారు?’ అంటే ‘పైవాళ్లు’ అంటారు. పైవాళ్లను అడిగితే ‘మేం అలా చెప్పలేదే’ అంటారు. కొన్నిసార్లు రెండూ నిజమే కావచ్చు.

ఇక ఏదైనా ఘోరం జరిగినప్పుడు మన వ్యవస్థ రెండు దారుల్లో ఏదో ఒకటి పడుతుంది. మొదటిది 2015 జూలై 14న రాజమహేంద్రవరంలో చూశాం. గోదావరి పుష్కరాల తొలిరోజు తొక్కిసలాటలో ముప్ఫై మందికి దగ్గరగా చనిపోయారు. జస్టిస్ సి.వై. సోమయాజులు కమిషన్ మూడేళ్ల తర్వాత బయటికొచ్చిన నివేదికలో మీడియా ప్రచారాన్నీ, ముహూర్తం మీద జనానికున్న నమ్మకాన్నీ తప్పుబట్టింది. చనిపోయినవాళ్లదే తప్పన్నట్టు ఉన్న ఆ నివేదిక చదివితే, ఆ రోజు గేట్ల దగ్గర ఎవరి మాట చెల్లిందన్నది తప్ప మిగతావన్నీ తెలుస్తాయి.

రెండో దారి ఇరవై నాలుగు గంటల్లో సస్పెన్షన్. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర ఆరుగురు చనిపోయారు. మర్నాడే ఇద్దరిని సస్పెండ్ చేసి, ముగ్గురు అధికారులను బదిలీ చేశారు, న్యాయ విచారణకు ఆదేశించారు. అదే ఏడాది ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవంలో కొత్తగా కట్టిన గోడ కూలి మూడు వందల రూపాయల క్యూలైన్ మీద పడింది. ఏడుగురు పోయారు. అక్కడ విచారణ గోడ కట్టించినవాళ్ల దాకా, కార్యనిర్వహణాధికారి దాకా పైకి వెళ్లింది. అది మంచి మార్పు.

కానీ తిరుపతి గేటు దగ్గర మరికాస్త ఆగాలి. లోపల ఆపి ఉంచిన జనంలో ఒకామె అస్వస్థతకు గురైందని, ఆమెను బయటికి తీసుకురావడానికి గేటు తీశారని, టోకెన్లు ఇస్తున్నారనుకుని జనం ఒక్కసారిగా ముందుకు తోసుకొచ్చారని అప్పట్లో వార్తలొచ్చాయి. గేటు దగ్గరున్న మనిషి స్థానంలో మనం ఉంటే ఏం చేస్తాం? తెరవకపోతే ఆమె ప్రాణం, తెరిస్తే వందల మంది తోపులాట. ఇలాంటిచోట మంచివాడైతే చాలదు. రోగిని బయటికి తెచ్చే వేరే దారి ముందే ఉండాలి, ఆ సంగతి మైకులో ఎవరు చెప్పాలో ముందే తెలిసి ఉండాలి, తెరవమనే అధికారం ఎవరిదో ముందే రాసి ఉండాలి. ఈ మూడూ లేకుండా నిలబెట్టిన మనిషిని తర్వాత సస్పెండ్ చేస్తే ఏం లాభం? గేటు దగ్గరకు రేపు ఇంకొకడు వస్తాడు.

పైగా మన దగ్గర సస్పెన్షన్ శిక్షలా కనిపించే ఒక విరామం. ఆ కాలంలో సగం జీతానికి దగ్గరగా జీవనభృతి వస్తుంది. మూడు నెలల్లో అభియోగపత్రం ఇవ్వకపోతే దాన్ని పొడిగించకూడదని 2015లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికి పత్రికలు మరో వార్తలో ఉంటాయి. ఉద్యోగి మరో చోట చేరతాడు, అతను చేసింది తప్పో కాదో తేలకుండానే. తప్పు లేనివాడికి ఇది మరీ అన్యాయం. పేరు పోతుంది, నిర్దోషి అన్న మాట మాత్రం ఎవరూ అచ్చు వేయరు. ఔట్‌సోర్సింగ్ మనిషికి ఆ విరామం కూడా లేదు. ఏజెన్సీవాళ్లు ఫోన్ చేసి ‘రేప్పొద్దున్నుంచి రావొద్దు’ అంటే అయిపోయింది. అంటే భక్తుల మీద రోజూ ఎక్కువ నిర్ణయాలు తీసుకునేవాడికే రక్షణ తక్కువ, జవాబు చెప్పుకునే అవకాశమూ తక్కువ.

అతని మీద పడే ఒత్తిడి ఎలాంటిదో గుడికి వెళ్లే ఎవరికైనా తెలుసు. బనగానపల్లె నుంచి పిల్లల్ని వేసుకుని బస్సులో వచ్చిన కుటుంబాన్ని ఆపితే ఏమీ కాదు. నాయకుడి అనుచరుణ్ని ఆపితే సాయంత్రానికి మెమో వస్తుంది. ఇలా రెండుసార్లు జరిగాక ఏ మనిషైనా రూలు ఎవరికి వర్తిస్తుందో నేర్చుకుంటాడు. సిబ్బంది దురుసుగా ఉంటారని తిట్టేవాళ్లు ఆ దురుసుతనం ఎటువైపు మాత్రమే చూస్తుందో గమనించాలి.

విమానరంగం ఈ చిక్కుముడిని కొంత విప్పుకుంది. అమెరికాలో 1976 నుంచి నాసా నడుపుతున్న ఒక పద్ధతిలో పైలట్లు, ఏటీసీ సిబ్బంది తాము చూసిన పొరపాట్లను, త్రుటిలో తప్పిన ప్రమాదాలను గోప్యంగా రాసి పంపొచ్చు. కావాలని చేసినవీ నేరాలూ కాకపోతే, చెప్పినందుకు శిక్ష నుంచి కొంత మినహాయింపు దొరుకుతుంది. మన గుళ్లలో త్రుటిలో తప్పిన తొక్కిసలాటలు ఎన్నో ఉండి ఉంటాయి. ‘నిన్న మెట్ల దగ్గర ఇద్దరు కింద పడ్డారు, ఇంకో నిమిషమైతే పరిస్థితి చేయి దాటేది’ అని రాసిచ్చే ఉద్యోగి ఎవరు? రాసిస్తే ముందు అతనికే షోకాజ్ నోటీసు.

కాబట్టి నేను కోరేది శిక్షల పెంపు కాదు, కారణం రాసిపెట్టడం. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం, పాలనాపరమైన నిర్ణయం వల్ల ప్రభావితమైన మనిషికి ప్రభుత్వ సంస్థ దాని కారణాలు చెప్పాలి. దేవాదాయ శాఖకు ఈ చట్టం కొత్త కాదు. ప్రతి ఈల మోతకూ కారణం రాయమనడం లేదు. అలా చేస్తే వరస కదలదు. వరసను పావుగంటకు మించి ఆపినప్పుడు, ఒక మనిషిని బయటికి పంపినప్పుడు, ప్రకటించిన దర్శనాన్నో స్నానాన్నో రద్దు చేసినప్పుడు మాత్రం సమయం, కారణం, షిఫ్టు అధికారి సంతకం ఒక షిఫ్టు పుస్తకంలో ఉంటే చాలు. ఫోన్లో పైనుంచి వచ్చిన ఆదేశాన్నీ ఆ పుస్తకంలోనే రాయాలి, ఎవరి నుంచి వచ్చిందో సహా. నా అంచనాలో అలాంటి ఫోన్లు వారం తిరక్కుండా తగ్గుతాయి.

గట్టు మీది మనిషి పేరు బోర్డు మీద వేయాలని కొందరంటారు. నేను ఒప్పుకోను. అతని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పి వేధించడానికి అది దారి అవుతుంది. షిఫ్టుకు నంబరు చాలు. పేరు ఉండాల్సింది ఆ షిఫ్టుకు బాధ్యుడైన అధికారిది.

ఫిర్యాదు నిర్ణయం తీసుకున్నవాళ్ల దగ్గరికే తిరిగి వెళ్లకూడదు. ఇప్పుడు ఈవో మీది ఫిర్యాదు కమిషనరేట్‌కు వెళ్తే, నివేదిక కోసం మళ్లీ ఆ ఈవో టేబుల్ మీదికే చేరుతుంది. 1983 చట్టంతో ఏర్పడిన లోకాయుక్త కార్యాలయాన్ని 2021లో కర్నూలుకు మార్చినప్పుడు సీమవాసులకు కొంత ఆశ కలిగింది. కానీ లోకాయుక్త సిఫారసు చేయగలదు, అమలు చేయించలేదు. పైగా కోనేటి మెట్ల మీద జరిగిన అవమానానికి అంత దూరం ఎవరూ వెళ్లరు. జిల్లా స్థాయిలో, దేవస్థానం జీతం తీసుకోని ఒక మనిషి నెలకోసారి ఆ పుస్తకం తిరగేస్తే చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ఇది శ్రీశైలంతో మొదలుపెట్టాలంటే కష్టమే. అక్కడ తాకిడి వేరు, అలవాటైన ప్రయోజనాలు వేరు. మహానందిలో చూడాల్సింది ఒక కోనేరు, ఒక వరస, నాలుగైదు గేట్లు. ఏడాదిలో కొన్ని వారాలే అసలు ఒత్తిడి. దేవస్థానం సెక్యూరిటీ ఏజెన్సీ కోసం మళ్లీ టెండరు పిలిచేటప్పుడు ఎంతమంది, ఏ యూనిఫాం, ఎంత రేటు అన్న షరతులతో పాటు ఇంకో రెండు చేర్చొచ్చు: షిఫ్టు పుస్తకం రాయడం తప్పనిసరి, అందులో నిజం రాసిన కారణంగా ఎవరినీ పనిలోంచి తీసేయకూడదు. వీటికి ప్రభుత్వ జీవో అక్కర్లేదు, ఈవో సంతకం సరిపోతుంది.