ఇచ్చిన తాళపుచెవి



ప్రజాప్రభుత్వము శత్రుసైన్యములచేతనో విప్లవముచేతనో కూలునని చాలమంది తలంతురు. సభలో వోట్లు లెక్కించి, చట్టప్రకారముగనే దానిని కూల్చవచ్చునని జర్మనీదేశ చరిత్ర తెలుపుచున్నది.

ఆ దేశపు స్త్రీలకు 1918 నవంబరులో వోటుహక్కు లభించెను. 1919 జనవరి 19వ తేదీని వారు మొట్టమొదట వోటు వేసిరి. 37 గురు స్త్రీలు రాజ్యాంగసభకు ఎన్నికైరి. ఆ సభ రచించిన రాజ్యాంగములో 48వ అధికరణ మొకటి కలదు. ఆపత్సమయమున సభ సమ్మతికై వేచియుండక అధ్యక్షుడు ఆజ్ఞలు జారీచేయవచ్చుననియు, కొన్ని పౌరహక్కులను తాత్కాలికముగ నిలిపివేయవచ్చుననియు దాని భావము.

1930 మొదలు, నిరుద్యోగముచే దేశము తల్లడిల్లుచుండగా, పరిపాలన మెక్కువగా ఇట్టి ఆజ్ఞలతోనే సాగెను. ఆపదకు దాచిన మందు నిత్యాహార మయ్యెను. 1933 జనవరి 30న అధ్యక్షుడు హిండెన్‌బర్గు హిట్లరును ప్రధానిగా నియమించెను. ఫిబ్రవరి 27 రాత్రి శాసనసభాభవనము తగులబడెను. మరునాడే పత్రికాస్వాతంత్ర్యము, సభాస్వాతంత్ర్యము, తుదకు ఉత్తరముల గోప్యతయు రద్దయ్యెను. మార్చి 23న, మంత్రివర్గమే శాసనములు చేయవచ్చునను చట్టము 440కి మించిన వోట్లతో నెగ్గెను. కమ్యూనిస్టు సభ్యులను సభకు రానీయలేదు. కాదనినవారు 94 గురు సోషల్ డెమోక్రాట్లు మాత్రమే. జూలై 14న హిట్లరు పార్టీ తప్ప తక్కినవన్నియు నిషిద్ధములయ్యెను. ఆ నవంబరులో ఏర్పడిన సభలో స్త్రీ యొక్కతెయు లేదు. ఫిబ్రవరినాటి ఆజ్ఞ మాత్రము 1945 వరకు అమలునందే యుండెను.

అగ్నిభయ మున్నదని పొరుగువానికి ఇంటి తాళపుచెవి ఇచ్చుట తప్పుగాదు. మంట చల్లారిన పిదప దానిని మరల నడుగకుండుటయే ముప్పు.

మన దేశమునందును 1975 జూన్ 25న అంతరంగిక కల్లోలముల పేర అత్యవసరస్థితి ప్రకటింపబడెను. నాయకులు చెరసాలల పాలైరి; పత్రికలు సెన్సారునకు లోబడెను. అయినను 1977 మార్చిలో ప్రజలు వోటుతో ఆ ప్రభుత్వమును దింపిరి. జీవనహక్కును అత్యవసరస్థితిలో సయితము నిలిపివేయరాదని 1978 నాటి 44వ సవరణ నియమించెను. మనకు తాళపుచెవి తిరిగి వచ్చినది. తలుపునకు మరియొక గడియయు అమరినది.

కావున, అమ్మలారా, వోటు వేసి ఇల్లు చేరుటతో మన పని ముగియదు. ఏ అధికారమును ఎవరికి, ఏ పనికి, ఎంతకాలమునకు ఇచ్చితిమో, అది మరల వచ్చినదో లేదో చూచుకొనవలెను. నెలనెల పాలపద్దు తప్పక సరిచూచు గృహిణులకు ఈ లెక్క కష్టమైనది కాదు.