బీఫార్మసీకి హమ్‌దర్దా, కాకతీయా?

ఎప్‌సెట్ ర్యాంకులు చేతికొచ్చాక మన ఇళ్లల్లో ఒక బహస్ మొదలవుతుంది. బేటీ బీఫార్మసీ చదువుతానంటుంది. అబ్బా ఢిల్లీలోని జామియా హమ్‌దర్ద్ పేరెత్తుతారు. మామూజాన్ వరంగల్ కాకతీయ యూనివర్సిటీలో సీటొస్తే చాలంటారు. అమ్మీ ఫిక్ర్ అంతా హాస్టల్ గురించే. నా రాయ్ ముందే చెప్పేస్తాను. బీఫార్మసీకి కాకతీయ, ఎంఫార్మసీకి హమ్‌దర్ద్. కానీ దీనికి ఒక షరతు ఉంది. అది పిల్లలకు కాదు, పెద్దలకు.

హమ్‌దర్ద్ చిన్న పేరు కాదు. 1906లో ఢిల్లీలో హకీమ్ అబ్దుల్ మజీద్ సాబ్ తెరిచిన దవాఖానాతో దాని కథ మొదలైంది. ఆయన కొడుకు హకీమ్ అబ్దుల్ హమీద్ సాబ్ మెహనత్‌తో 1989లో డీమ్డ్ యూనివర్సిటీ అయింది. కేంద్ర ప్రభుత్వ ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో 2019లోనూ, 2024లోనూ ఫార్మసీలో దేశంలోనే మొదటి స్థానం దానిదే. ఆ ఇజ్జత్ దానికి హఖ్‌గా దక్కింది.

అయితే ఆ ర్యాంకు దేన్ని కొలుస్తుందో గౌర్ చేయండి. అందులో 30 శాతం మార్కులు పరిశోధనకే. పీహెచ్‌డీ, ఎంఫార్మసీ చేసేవారికి అది నేరుగా పనికొస్తుంది. బీఫార్మసీ మొదటి ఏడాది పిల్లకు అందులో దక్కేది తక్కువ. పైగా బీఫార్మసీ సిలబస్‌ను ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దేశమంతటికీ ఒకటే చేసింది. ఢిల్లీలో చదివినా, వరంగల్‌లో చదివినా అవే ఎనిమిది సెమిస్టర్లు, దాదాపు అవే సబ్జెక్టులు. ఫరఖ్ వచ్చేది ల్యాబుల్లో, ఉస్తాదుల్లో, తోటి పిల్లల్లో.

ఇక ఖర్చు మాట. కన్వీనర్ కోటాలో సీటొస్తే, ఏడాది ఆదాయం పల్లెల్లో లక్షన్నర, పట్నాల్లో 2 లక్షల లోపున్న మైనారిటీ ఇళ్లకు తెలంగాణలో ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. అర్హులకు బీసీ-ఈ కోటా కూడా ఉంది. ఢిల్లీ సీటుకు ఇవేవీ తోడురావు. ఫీజు, హాస్టల్, మెస్, రైలు చార్జీలు నాలుగేళ్లకు కాగితం మీద కూడండి. ఆ మొత్తం చేతిలో ఉంటే సరే. లేదంటే మిగిలేది సూద్ మీద ఖర్జ్, లేదా అమ్మీ జేవర్. బీఫార్మసీ పాసైన కొత్తలో వచ్చే తన్‌ఖాతో ఆ ఖర్జ్ తీరడం ముష్కిల్. అప్పుడు బరువంతా పిల్ల నెత్తిన పడుతుంది, పైచదువు అక్కడే ఆగిపోతుంది.

కాకతీయ అని నేనంటున్నది యూనివర్సిటీ సొంత ఫార్మసీ కాలేజీని. దాని అనుబంధంతో నడిచే ప్రైవేటు కాలేజీలు వేరు. డిగ్రీ మీద పేరు ఒకటే అయినా ల్యాబులు ఒకటి కావు. ఆప్షన్లు పెట్టే ముందు ఆ ఏడాదికి ఫార్మసీ కౌన్సిల్ మంజూరీ ఉందో లేదో చూడండి. సీటు రెగ్యులరా, సెల్ఫ్ ఫైనాన్సా అని అడగండి. మూడో ఏడాది పిల్లలతో మాట్లాడండి. ప్రాక్టికల్స్ నిజంగా జరుగుతున్నాయో, రికార్డులు రాయించి సరిపెడుతున్నారో వాళ్లే చెబుతారు.

నా రాయ్ అందరికీ వర్తించదు. హాస్పిటల్‌లో పనిచేయాలని, అమెరికా వెళ్లాలని ఉంటే బీఫార్మసీ కంటే ఫార్మ్ డీ గురించి సోచాయించండి. అది ఆరేళ్ల కోర్సు, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. అమెరికాలో ఫార్మసిస్టు లైసెన్సుకు వెళ్లే విదేశీ పిల్లలకు కనీసం ఐదేళ్ల ఫార్మసీ చదువు ఉండాలి, మన నాలుగేళ్ల బీఫార్మసీ అక్కడ చాలదు. గల్ఫ్ సంగతి వేరు. అక్కడ లైసెన్సుకు డిగ్రీ అసలుదేనా, రిజిస్ట్రేషన్, తజుర్బా ఉన్నాయా, పరీక్ష పాసయ్యారా అని చూస్తారు. కాలేజీ ర్యాంకు ఎంత అని అడగరు.

ఇప్పుడు పెద్దల షరతు. "వరంగల్ అయితే బేటీ దగ్గర్లో ఉంటుంది, డిగ్రీ కాగానే నికాహ్ చేసేద్దాం" అనే లెక్కతో కాకతీయను ఎంచుకుంటే, నా మష్వరాను మీరు తలకిందులుగా అర్థం చేసుకున్నట్టే. బేటాకైతే పొలం అమ్మి ఢిల్లీ, బేటీకైతే ఖర్చు లేని చదువు అనడం ఇన్సాఫ్ కాదు. ఇప్పుడు మిగిలే డబ్బు ఆ పిల్ల అమానత్. నాలుగేళ్ల తర్వాత ఆమె జీప్యాట్ రాసి ర్యాంకు తెచ్చుకుంటే, అర్హత ఉన్న కాలేజీల్లో ఎంఫార్మసీకి నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్ వస్తుంది. మిగతాది ఆ అమానత్ నుంచి ఇవ్వొచ్చు. హమ్‌దర్ద్ ల్యాబుల అసలు ఫాయిదా దక్కేదీ అప్పుడే. ఆ రోజు "ఇంక చాలమ్మా" అనకూడదు.

అందుకే ఆప్షన్లు పెట్టే రోజే పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి ఆ వాదా చేయండి. ఆ మాట ఇవ్వలేమనుకుంటే, ఆమె ఢిల్లీకి ఇప్పుడే వెళతానని జిద్ చేసినా తప్పుపట్టకండి.